డెబ్భై దాటితే వణుకు

సంక్రాంతికి ఊరెళ్లడానికి పది రోజుల ముందు మావయ్య వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఒరేయ్ అల్లుడూ, బండి డెబ్భై దాటితే ఒణుకుద్దిరా. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కిపోతన్నయ్. టై రాడ్లు మార్పిచ్చా, బాల్ జాయింట్లు మార్పిచ్చా. ఇప్పుడు స్టీరింగ్ బాక్స్ అంటన్నారు. నువ్వు ఇంజినీరువి కదా, ఏందో చెప్పు."

నేను రాసేది కోడ్. కానీ మా బంధువుల లెక్కలో ఇంజినీరంటే మిక్సీ నుంచి పంపుసెట్టు దాకా అన్నీ తెలిసినవాడు. కాదని చెప్పి ఒప్పించడం కంటే బండి చూడ్డమే తేలిక అనిపించింది.

ఈ కాలమ్‌లో మామూలుగా ఫోన్లు, యాప్‌లు, వాటి తంటాల గురించి రాస్తుంటా. ఈ వారం ఒక పికప్ గురించి. ఫోన్ కూడా ఉంది లెండి, మధ్యలో వస్తుంది.

మాది వేటపాలెం. ఊరి పేరు చెప్పగానే పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు 1918లో మొదలైన సారస్వత నికేతనం లైబ్రరీ గురించి అడుగుతారు. మిగతావాళ్లు జీడిపప్పు కిలో ఎంతని అడుగుతారు. 2022 ఏప్రిల్ నుంచి ప్రకాశం పోయి బాపట్ల జిల్లా అయింది గానీ, మా అత్తయ్య ఇప్పటికీ కొరియర్ వాళ్లకి ప్రకాశం అనే చెబుతుంది. మావయ్యకి ఒక బొలెరో పికప్ ఉంది. కిరాయికి తిప్పుతాడు. జీడిపప్పు డబ్బాలు, చీరల మూటలు, పెళ్లి సామాను, ఏదైనా సరే. కానీ బండి నిజంగా డబ్బు తెచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు పొలాల్లో మిర్చి టిక్కీలు ఎక్కించుకుని గుంటూరు యార్డుకి తోలతాడు. టిక్కీ అంటే నలభై, నలభై అయిదు కిలోల బస్తా. ముప్పై టిక్కీలు వేసుకుంటే బండికి సరిపోను లోడు. ఏడాదిలో ఫైనాన్స్ కిస్తీలు సగం ఆ మూడు నెలల్లోనే కట్టేస్తాడు.

అందుకే వణుకు అంటే ఆయనకి చిరాకు మాత్రమే కాదు. వణుకు మొదలయ్యాక అరవైకి మించి తోలడం మానేశాడు. చిలకలూరిపేట దగ్గర హైవే ఎక్కాక పక్కన మిగతా పికప్‌లన్నీ దాటి వెళ్లిపోతుంటాయి. యార్డులో దిగుమతికి వరస ఉంటుంది. అరగంట లేటుగా వెళ్తే రెండు మూడు గంటలు వెనకబడ్డట్టే. రెండో ట్రిప్పు పోతుంది. అప్పటికే రాడ్లకీ జాయింట్లకీ కలిపి పద్నాలుగు వేలు అయింది. స్టీరింగ్ బాక్స్ అంటే ఇంకా పెద్ద ఖర్చు. పైగా ముందు రెండు టైర్లు కూడా కొత్తవి వేయమని ఎవరో సలహా ఇచ్చారట. సీజన్ ముందు ఆ డబ్బు పెడితే అత్తయ్య తాడు మళ్లీ బ్యాంకుకి వెళ్లాల్సిందే. ఈ ముక్క మావయ్య చెప్పలేదు. అరిసెలు వత్తుతూ అత్తయ్య చెప్పింది.

ఆఫీసులో మాకు ఒక అలవాటు. ఎవరైనా "యాప్ పని చేయట్లేదు" అంటే ముందు అడిగేది "ఎప్పుడు? ఏం చేస్తే?" అని. ఆ తప్పు మన కళ్ల ముందు మళ్లీ జరిగేదాకా కోడ్ ముట్టుకోం. మావయ్యని అదే అడిగా. "ఎప్పుడూ ఒణుకుద్దిరా" అన్నాడు. ఎప్పుడూ అంటే ఎప్పుడో తెలుసుకోడానికి జనవరి 13 మధ్యాహ్నం ఖాళీ బండి వేసుకుని 216 హైవే మీద చినగంజాం వైపు వెళ్లాం. ఆయన డ్రైవింగ్, నేను పక్క సీట్లో కాగితం, పెన్ను.

అరవై దాకా ఏమీ లేదు. అరవై అయిదు దగ్గర స్టీరింగ్ సన్నగా అటూ ఇటూ ఊగడం మొదలైంది. డెబ్భై రెండు, డెబ్భై అయిదు మధ్య బాగా ఎక్కువ. డాష్‌బోర్డు మీద వినాయకుడు కూడా ఊగుతున్నాడు. ఎనభై దగ్గర కాస్త తగ్గినట్టు అనిపించింది. స్పీడ్ లిమిటర్ ఉంది కాబట్టి ఆపైన ఏమవుతుందో చూసే వీలు లేదు.

తర్వాత డెబ్భై రెండులో ఉండగా ఒక్క క్షణం క్లచ్ తొక్కమన్నా. ఇంజన్ శబ్దం పడిపోయింది, వణుకు అలాగే ఉంది. అదే స్పీడులో అయిదో గేరు, నాలుగో గేరు రెండూ వేసి చూశాం. తేడా లేదు. అంటే ఇంజన్ సంగతి కాదు. ఇంజన్ అయితే గేరు మారగానే వణుకు కూడా మారాలి. మెల్లగా బ్రేక్ వేయమన్నా. బ్రేక్ వేసినప్పుడు ప్రత్యేకంగా పెరగలేదు. బ్రేక్ తొక్కినప్పుడే వణికితే డిస్కు, డ్రమ్ముల వైపు చూడాలి. ఇది అదీ కాదు. స్టీరింగ్ చేతిలో ఊగుతోంది గానీ సీటు కింద పెద్దగా తెలియట్లేదు. చేతుల్లో తెలిస్తే ముందు చక్రాలు, కూర్చున్నచోట తెలిస్తే వెనక చక్రాలు అని డ్రైవర్లు చెప్పుకునే మాట చాలావరకు నిజమే.

ఇక ఫోన్. మీ అందరి ఫోన్లలోనూ కదలికని కొలిచే సెన్సార్ ఉంటుంది. ఫోన్ అడ్డంగా తిప్పితే వీడియో కూడా తిరిగేది దానివల్లే. జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. అందులో యాక్సెలరేషన్ స్పెక్ట్రమ్ అనేది తెరిస్తే, ఫోన్ సెకనుకి ఎన్నిసార్లు వణుకుతోందో గీతల్లో చూపిస్తుంది. ఎక్కడ గీత పొడుగ్గా లేస్తే అక్కడ వణుకు ఎక్కువన్నమాట. ఫోన్‌ని డాష్‌బోర్డు మీద టేపు వేసి గట్టిగా అతికించా. చేత్తో పట్టుకుంటే మన చెయ్యే సగం వణుకు మింగేస్తుంది. ఇంకో మాట, ఇది పక్క సీట్లో వాళ్ల పని. తోలేవాళ్లు ముట్టుకోకూడదు.

జీపీఎస్ ప్రకారం గంటకి 72 కిలోమీటర్ల వేగం. ఒకే ఒక గీత నిటారుగా లేచింది. 9.3 దగ్గర.

ఇప్పుడు చిన్న లెక్క. టైరు పక్కన 215/75 ఆర్15 అని ఉంది. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. 15 అంటే రిమ్ము ఎన్ని అంగుళాలో. అన్నీ కలిపితే చక్రం ఎత్తు 70 సెంటీమీటర్లు, చుట్టుకొలత 2.2 మీటర్లు వస్తుంది. బండి బరువుకి టైరు కింద కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి ఒక్క చుట్టుకి ముందుకెళ్లేది 2.15 మీటర్లు అనుకోండి. గంటకి 72 కిలోమీటర్లంటే సెకనుకి 20 మీటర్లు. 20ని 2.15తో భాగిస్తే 9.3. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక కుదుపు. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుంటే అది సెకనుకి 33. వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రం కంటే నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది. ఆ రెండిట్లో దేనివల్ల వచ్చినా గీత ఇంకా కుడివైపు లేవాలి. అక్కడ చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

అబద్ధం ఎందుకు, ఆ 9.3 చూసినప్పుడు ఆఫీసులో రిలీజ్ అయినంత సంతోషం వేసింది. "మావయ్యా, చక్రమే" అన్నా. ఆయన స్క్రీన్ వంక ఓసారి చూసి "ఏ చక్రం?" అన్నాడు. గాలి పోయింది.

ఏ చక్రమో తెలియాలంటే తిప్పి చూడాలి. ఆ రాత్రి ఇంటి ముందు జాకీ వేసి, ముందు ఎడమ చక్రాన్ని వెనక ఎడమకి, వెనకదాన్ని ముందుకి మార్చాం. ఫోన్ టార్చి వెలుగులో నట్లు విప్పడం, దోమలు, పక్కింటి వాళ్ల సలహాలు. మళ్లీ హైవే ఎక్కాం. స్టీరింగ్ దాదాపు నిమ్మళంగా ఉంది. ఇప్పుడు సీటు కింద గుడగుడ. వణుకు చక్రంతో పాటే వెనక్కి వెళ్లిపోయింది. అంటే టై రాడ్లు కాదు, బాల్ జాయింట్లు కాదు, స్టీరింగ్ బాక్స్ అసలే కాదు. అవి ఉన్నచోటే ఉన్నాయిగా.

"అయితే బ్యాలెన్సింగ్ అయ్యుండాలి" అన్నా.

"అది ఎప్పుడో చేయించాలేరా. డిసెంబర్‌లోనే" అన్నాడు మావయ్య.

అలైన్‌మెంటా, బ్యాలెన్సింగా అని రెండుసార్లు అడిగా. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఎటు చూస్తున్నాయి అన్నది. అది తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది. బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా లేదా అన్నది. అది తప్పితే స్పీడులో వణుకుతుంది. మావయ్యకి ఆ తేడా బాగానే తెలుసు. "బ్యాలెన్సింగేరా, మిషన్ మీద ఎక్కించి తిప్పారు, సీసం ముక్కలు కొట్టారు. మూడు రోజులు పూలపాన్పు లాగా పోయింది బండి. నాలుగో రోజు మళ్లీ మొదలు. ముందుకంటే ఎక్కువ. అందుకనే అది కాదని రాడ్ల మీద పడ్డా."

మూడు రోజులు బాగుండి, మళ్లీ ముందుకంటే ఎక్కువగా రావడం. నాకు తేలలేదు. వెయిట్లు ఊడిపోయి ఉంటాయనుకుని చూశా. రిమ్ము లోపలి అంచున రెండు 60 గ్రాముల ముక్కలు పక్కపక్కనే గట్టిగానే ఉన్నాయి. ఇక పడుకున్నాం.

మర్నాడు భోగి. మంట ఆరకముందే మావయ్య ఆ చక్రం విప్పి స్టేషన్ రోడ్డు వైపు పంక్చర్ షాపుకి తీసుకెళ్లాడు. అక్కడి పెద్దాయన ముప్పై ఏళ్లుగా అదే పనిలో ఉన్నాడు. నేను 9.3 కథంతా చెప్పా. ఓపిగ్గా విన్నాడు. విని చక్రాన్ని బోర్లా పడేసి, ఇనుప రాడ్డుతో రిమ్ము లోపల ఠక్కున ఒక దెబ్బ వేశాడు. నల్లటి పెళ్ల ఒకటి ఊడి కింద పడింది. అరచెయ్యంత ఉంది, రాయిలా గట్టిగా.

"పర్చూరు పోతన్నావా?" అన్నాడు మావయ్యతో.

ముందు రోజు రాత్రి ఆ మట్టి నేనూ చూశా. చెయ్యి కూడా తగిలింది. నల్ల రిమ్ములో నల్ల మట్టి, నున్నగా పరుచుకుని ఇనుములాగే ఉంది. పల్లెల్లో తిరిగే బండికి మట్టి ఉండదా అనుకుని చేతులు తుడుచుకుని వదిలేశా.

మా ఊరు ఇసుక నేల. ఇక్కడ ఎంత వానలో తోలినా ఇసుక చక్రానికి పట్టుకుని ఉండదు, ఆరగానే రాలిపోతుంది. పది పదిహేను కిలోమీటర్లు లోపలికి, పర్చూరు ఇంకొల్లు వైపు వెళ్తే మొత్తం నల్లరేగడి. పత్తికీ మిర్చికీ అంత మంచి నేల మరోటి లేదు. కానీ ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, జిగురులా పట్టుకుంటుంది, ఎండితే బీటలు పడి పెళ్లలుగా ఊడుతుంది. డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది గుర్తుందిగా. ఆ వారం మావయ్య పొలాల నుంచి తడిసిన బస్తాలు రోడ్డు మీదకి చేర్చే కిరాయిలు చేశాడు. బండి ఇరుసు దాకా బురదలో దిగింది. రాత్రికి ఇంటి ముందు ఆపాడు. రిమ్ముల్లో పచ్చి బురద నెమ్మదిగా కిందికి జారి అడుగున పేరుకుంది. పేరుకున్నచోటే ఎండింది. వణుకు మొదలైంది ఆ వారంలోనే.

ఇప్పుడు మూడు రోజుల కథ అర్థమవుతుంది చూడండి. బ్యాలెన్సింగ్‌కి తీసుకెళ్లినప్పుడు చక్రం లోపల మట్టి అలాగే ఉంది. ఎవరూ గీకలేదు. మిషన్‌కి మట్టి, ఇనుము తేడా తెలియదు. ఇటువైపు బరువు ఎక్కువుంది, అటువైపు 120 గ్రాములు పెట్టమంది. పెట్టారు. మట్టికీ సీసానికీ సరిపోయింది, బండి హాయిగా పోయింది. నాలుగో రోజు, ఎండ కాసి, ఏదో గుంటలో పడ్డప్పుడు మట్టి పెళ్ల ఊడి రోడ్డు మీద పడిపోయింది. మట్టి పోయింది, దాని కోసం పెట్టిన సీసం ఉండిపోయింది. వణుకు పోగొట్టడానికి పెట్టిన ముక్కలే ఇప్పుడు వణికిస్తున్నాయి.

మాకు ఆఫీసులో ఇలాంటివి బాగా అలవాటు. ఒక తప్పు ఉంటుంది, దాన్ని కప్పడానికి ఎవరో ఇంకో లైను రాస్తారు. కొన్నాళ్లకి అసలు తప్పు ఎవరో దిద్దుతారు, కప్పిన లైను మిగిలిపోయి కొత్త గొడవ మొదలవుతుంది. మావయ్య మాత్రం "బ్యాలెన్సింగ్ అయిపోయింది" అని ఆ కారణాన్ని లిస్టులోంచి కొట్టేశాడు. అక్కడి నుంచి ఆ పద్నాలుగు వేలు.

120 గ్రాములంటే ఎంత? ఒక మామూలు సెల్‌ఫోన్ కంటే తక్కువ. దానికి అంత బరువుండే బండి ఎలా ఊగుతుందని మావయ్యకి అనుమానం. వాషింగ్ మెషిన్‌లో తడి దుప్పటి ఒక పక్కకి చేరితే స్పిన్‌లో మెషిన్ గదిలో నడుచుకుంటూ వస్తుంది కదా, అదే సంగతి. తిరిగే వస్తువు బయటికి లాగుతుంది. ఆ లాగుడు వేగంతో పాటు సమంగా పెరగదు, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లు అవుతుంది. రిమ్ము అంచున ఉన్న 120 గ్రాములు 36 కిలోమీటర్ల వేగంలో దాదాపు 2 కిలోల బరువుతో లాగినట్టు లాగుతుంది. 72లో 8 కిలోలు. అదీ సెకనుకి తొమ్మిదిసార్లు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. ఊళ్లో తిరిగినప్పుడు ఏమీ తెలియకపోవడం, హైవే మీద చేతులు తిమ్మిరెక్కడం అందుకే.

మరి ఎనభై దగ్గర కాస్త తగ్గిందెందుకు అంటారా? ఉయ్యాల ఊపేటప్పుడు సరైన సమయానికి తోస్తే కొంచెం బలానికే బాగా లేస్తుంది. తొందరగా తోసినా ఆలస్యంగా తోసినా అంత లేవదు. చక్రం, స్ప్రింగులు, స్టీరింగ్ అన్నీ కలిపి ఆ బండికి సొంతంగా ఊగే లయ ఒకటుంది. చక్రం తిరిగే వేగం ఆ లయతో కలిసినచోట వణుకు ఎక్కువ. దాటితే లాగుడు పెరుగుతున్నా చేతికి తక్కువ తెలుస్తుంది. తగ్గింది కదా అని ఇంకా స్పీడుగా తోలేవాళ్లు ఉంటారు. బేరింగులకి, టైరుకి పడే దెబ్బ ఏమీ తగ్గదు.

పెద్దాయన నాలుగు చక్రాలూ గీకించాడు. ఆ పెళ్లలు పక్కనే ఉన్న జీడిపప్పు కొట్టు కాటా మీద పెట్టి తూచా. కొట్టాయన పండగ పూట మట్టి తూచడమేంట్రా అని తిట్టాడు గానీ తూచనిచ్చాడు. ఆ ఎడమ చక్రంలో ఇంకా మిగిలి ఉన్నదే 280 గ్రాములు. చుట్టూ సమంగా ఉన్నంతవరకు మట్టితో పేచీ లేదు. ఒకచోట ఊడి ఒకచోట ఉండిపోతేనే.

ఆ రోజే చీరాల వెళ్లి మిషన్ ఎక్కించేద్దామనుకున్నాం. పండగ కదా, షాపులన్నీ మూసేశారు. కనుమ నాడు కాకైనా కదలదని అత్తయ్య బండి తాళాలు దాచేసింది. 17న వెళ్లాం.

ఈసారి నేను మిషన్ పక్కనే నిలబడ్డా. మీరూ నిలబడండి, తప్పేం లేదు. అక్కడి కుర్రాడు ఓపికమంతుడు, అడిగినవన్నీ చేశాడు. ముందు పాత ముక్కలు ఉంచే తిప్పమన్నా. లోపలి వైపు 110 గ్రాములు తేడా చూపించింది. ముక్కలు పీకేసి తిప్పితే లోపల 25, బయట 15. అంటే ఆ చక్రానికి నిజంగా కావలసింది అంతే.

లోపల, బయట అని రెండు అంకెలు ఎందుకంటే, చక్రం రేకులా పలచగా ఉండదు, డ్రమ్ములా వెడల్పుగా ఉంటుంది. బరువు పైకీ కిందికీ సమంగా ఉన్నా, లోపలి అంచున ఒకచోట, బయటి అంచున దానికి ఎదురుగా ఎక్కువుంటే చక్రం పైకీ కిందికీ ఎగరదు, పక్కలకి తల ఊపుతుంది. స్టీరింగ్ చేతిలో అటూ ఇటూ ఊగడానికి అదీ ఒక కారణం. చక్రాన్ని స్టాండు మీద పెట్టి బరువు వైపు కిందికి దిగుతుందేమో చూసే పాత పద్ధతికి ఈ రెండో రకం దొరకదు. తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

కుర్రాడు తిప్పేముందు మిషన్‌కి మూడు కొలతలు ఇస్తాడు. రిమ్ము మిషన్‌కి ఎంత దూరం, ఎంత వెడల్పు, ఎన్ని అంగుళాలు. అంతకుముందు కారు చక్రానికి ఇచ్చిన కొలతలు అలాగే ఉండిపోతే గ్రాములన్నీ తప్పుతాయి. ముక్కలు కొట్టాక మళ్లీ తిప్పి రెండువైపులా సున్నా చూపించాడు. అప్పుడు చక్రాన్ని వదులు చేసి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి ఇంకోసారి తిప్పమన్నా. ఇప్పుడూ సున్నాకి దగ్గర్లోనే రావాలి. రాకపోతే చక్రం మిషన్ మీద మధ్యకి కూర్చోలేదని, ఆ ముందు సున్నా నమ్మడానికి లేదని అర్థం. ముందు కుడి చక్రానికి ఒకసారి 20 గ్రాములు తేడా వచ్చింది. రిమ్ము మధ్య రంధ్రం అంచున తుప్పు. గీకి పెడితే సరిపోయింది. బండికి బిగించేటప్పుడు కూడా హబ్ మీద తుప్పూ మట్టీ తుడిచి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించమన్నా. ఒకే పక్క నుంచి వరసగా బిగిస్తే చక్రం వంకరగా కూర్చోవచ్చు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఓసారి చూసుకోవాలి.

నాలుగు చక్రాలకీ ముక్కలతో కలిపి ఏడు వందలు అయింది. మావయ్య ఏమీ అనలేదు. పద్నాలుగు వేల సంగతి నేనూ ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఫోన్ మళ్లీ డాష్‌బోర్డుకి అతికించాం. 72 దగ్గర 9.3 గీత ఉంది గానీ, పదమూడో తేదీన ఉన్నదానిలో అయిదో వంతు కూడా లేదు. స్టీరింగ్ మీద రెండు వేళ్లు పెట్టి తోలాడు. డెబ్భై అయిదు దాటాక సీటు కింద సన్నగా ఏదో ఉందన్నాడు. నాకు తెలియలేదు. ఆయన చెప్పాడంటే ఉన్నట్టే, రోజూ కూర్చునే సీటు. ఆగి చూస్తే వెనక కుడివైపు రీట్రెడ్ టైరు. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే ఒకచోట కొంచెం ఎత్తుగా కనిపిస్తోంది. గుండ్రంగా లేని టైరుని బ్యాలెన్సింగ్ గుండ్రంగా చేయలేదు. బరువు సమం చేస్తుంది, అంతే. టైరు పక్కన బుడిపె లేచినా, పైన పొర ఒకచోట ఉబ్బినా వెంటనే తీసేయాలి, అది పేలే టైరు. ఇది ఆ రకం కాదని పంక్చర్ షాపు పెద్దాయన తడిమి చూసి చెప్పాడు. అయినా ముందుకి మాత్రం వేయొద్దన్నాడు.

మీ ఇంట్లో పికప్ లేకపోవచ్చు. నాన్న కారో, ఆటోనో, ట్రాక్టర్ ట్రాలీనో ఉంటుంది. పంక్చర్ వేయించినప్పుడు టైరు రిమ్ము మీద ఎక్కడ ఉందో విప్పేముందు సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. మళ్లీ అక్కడే కూర్చోబెడితే పాత బ్యాలెన్స్ చాలావరకు నిలుస్తుంది. టైరులో గాలి సరిగా ఉందో లేదో ముందు చూడండి, దానికి రూపాయి ఖర్చు లేదు. అవన్నీ చూశాక కూడా చక్రం వేరే చోటికి మార్చినా వణుకు కదలకపోతే, అప్పుడు రాడ్లూ బేరింగులూ చూపించండి. వాటిలో ప్లే వచ్చిన బండ్లు బోలెడు. మావయ్య పాత టై రాడ్లు కూడా ఒకవైపు నిజంగానే అరిగి ఉన్నాయట. అలా అని మెకానిక్ వెనకేసుకొచ్చాడు. అది నిజమే అయ్యుంటుంది, కానీ ఈ వణుకు వాటిది కాదు.

ఫిబ్రవరి మొదటి వారంలో తేజ మిర్చి మొదటి లోడు వేసుకుని గుంటూరు వెళ్లాడు. యార్డు గేటు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. ముందు నుంచి ఆరో బండి తనదేనట. ఇప్పుడు సీటు వెనక ఒక చిన్న ఇనుప రాడ్డు పెట్టుకున్నాడు. పొలం నుంచి రోడ్డెక్కగానే ఆగి నాలుగు రిమ్ముల్లోనూ గీకి గానీ కదలట్లేదు. ఎదురొచ్చే పికప్ వాళ్లు టైరు పంక్చరా అని అడుగుతున్నారట.

వెనక కుడి టైరు మాత్రం ఇంకా మార్చలేదు. సీజన్ అయ్యాక చూద్దాంలే అంటున్నాడు. నేను వారానికోసారి గుర్తు చేస్తున్నా.